గిజిగాడు గూటిని సగంలో ఎందుకు ఆపుతాడు

ఒకప్పుడు గిజిగాళ్లకు తప్పు చేయడం వచ్చు గానీ, తప్పు చేశామని తెలియడం రాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నా. ఈతాకు పీలిక దొరికిందా, కొమ్మకు చుట్టాడా, ముడి వేశాడా, అయిపోయింది. ఇంకో పీలిక, ఇంకో ముడి. మొదలుపెట్టిన గూటిని మధ్యలో ఆగకుండా చివరిదాకా కట్టేసి, దాని నెత్తిన కూర్చుని "ఆహా, ఏం గూడు!" అని తనను తానే మెచ్చుకునేవాడు ప్రతి గిజిగాడూ.

మరి గూడు ఊడిపడితే? పడేది. రోజుకొకటి పడేది. "ఈ గాలి మంచిది కాదు" అనేవాడు ఒకడు. "కొమ్మలో బలం లేదు" అనేవాడు ఇంకొకడు. "దిష్టి తగిలింది" అని కొమ్మకు ఎండుమిరపకాయ కట్టినవాడు కూడా ఉన్నాడు. "నా ముడి వదులు" అన్నవాడు మాత్రం ఒక్కడంటే ఒక్కడు లేడు. అనాలన్నా తెలిస్తే కదా, పాపం!

ఆ రోజుల్లో ఒక సజ్జచేను, చేను మధ్యలో ఒక దిగుడుబావి, బావి గట్టున ఒక తుమ్మచెట్టు ఉండేవి. తుమ్మకొమ్మలు సగం నీళ్ల మీదికి వాలి ఉండేవి. పాములు అంత దూరం రాలేవని గిజిగాళ్లందరూ ఆ కొమ్మలకే గూళ్లు కట్టేవాళ్లు. వాళ్లలో అందరికంటే హుషారైనవాడు గడ్డెన్న.

హుషారంటే మామూలు హుషారు కాదు. మిగతావాళ్లు పదిహేను రోజులు కట్టే గూటిని గడ్డెన్న తొమ్మిది రోజుల్లో కట్టేసేవాడు. కడుతూ కడుతూ పాట కూడా పాడేవాడు.

"నా ముడి చూడు, నా ముడి చూడు! ఏనుగు లాగినా ఊడదు చూడు!"

పక్క కొమ్మ మీద కొర్రన్న అనే గిజిగాడు కట్టుకుంటూ ఉండేవాడు. గడ్డెన్న పాటంతా అతని వైపు తిరిగే. కొర్రన్నకు ఒళ్లు మండేది.

ఆ ఏడు సజ్జమ్మ అనే ఆడపిట్ట గడ్డెన్న గూటికి కాపురానికి వచ్చింది. మూడు గుడ్లు పెట్టింది. తెల్లటి గుడ్లు, మీ చిటికెన వేలి కొసంత. గడ్డెన్న ఆ మూడింటినీ రోజుకు పదిసార్లు తొంగి చూసి, వచ్చి పాట అందుకునేవాడు.

ఒక మధ్యాహ్నం సజ్జమ్మ మేతకు వెళ్లింది. గాలి వచ్చింది. పెద్ద గాలేం కాదు, మీ అమ్మ ఆరేసిన చీర ఊగేంత గాలి. గడ్డెన్న గూటి నెత్తిన కూర్చుని పాడుతున్నాడు. కాళ్ల కింద సర్రుమని ఏదో జారింది. చూసేసరికి గూడు లేదు. బావిలో బుడుంగుమంది.

గడ్డెన్న కిందికి దూకాడు. నీళ్ల మీద ఖాళీ గూడు తేలుతోంది. గుడ్లు లేవు. బావి చుట్టూ తిరిగి తిరిగి అరిచాడు. ఎవరు తీస్తారు? ఎంత ఏడ్చినా బావి ఇచ్చిందేమీ లేదు.

సజ్జమ్మ వచ్చింది. కొమ్మ చూసింది, నీళ్లు చూసింది. గడ్డెన్నే మొదలుపెట్టాడు.

"ఈ గాలి ఉంది చూశావూ, పాడు గాలి..."

"గాలి కొర్రన్న గూటికీ తగిలింది. అది ఉంది కదా?"

"కొమ్మ సన్నం..."

"ఏమయ్యా, ఒక్క మాట అడుగుతా చెప్పు" అంది సజ్జమ్మ. "నేను మళ్లీ గుడ్లు పెడతాను. ఎక్కడ పెట్టాలి? నువ్వు కట్టినదాంట్లో ఏ ముడి ఊడింది? అది చెప్పు, చాలు."

"అన్నీ గట్టివే సజ్జమ్మా! ఒట్టు!"

"అన్నీ గట్టివైతే గూడు బావిలో ఎందుకుంది?"

గడ్డెన్న ఖాళీ కొమ్మ వైపు తిరిగాడు. సజ్జమ్మ రెక్కలు విప్పింది.

"కాలవ అవతల మా అక్క దగ్గర ఉంటాను. ఏ ముడి తప్పో తెలిస్తే పిలువు, వస్తాను. తెలియకపోతే పిలవొద్దు. ఇంకో మూడు గుడ్లు బావిలో పడితే నేను చూడలేను." అని ఎగిరిపోయింది.

గడ్డెన్న వెంటనే గాలి దగ్గరికి వెళ్లాడు. గాలి సజ్జచేలో కంకులతో ఆడుకుంటోంది.

"గాలీ, గాలీ! నా గూటిలో ఏ ముడి లాగావు?"

"నేను అన్నీ లాగుతా నాయనా. వచ్చేది వస్తుంది, రానిది ఉంటుంది. ఏది ఊడిందో చూసే తీరిక నాకెక్కడిది?" అంది గాలి. "ఇంకో మాట. ఈసారి ఊరికే ఇటుగా వచ్చాను. పదిహేనో రోజు వానను వెంటబెట్టుకుని వస్తా. అప్పుడు ఇట్లా మెత్తగా ఉండను, ముందే చెప్తున్నా."

గడ్డెన్న చెట్టుకు తిరిగొచ్చాడు. ఇక తన మెదడునే అడిగాడు. ఆ రోజుల్లో ఎవరి మెదడుతో వాళ్లు హాయిగా మాట్లాడుకునేవాళ్లు లెండి. గడ్డెన్న మెదడు బఠాణీ గింజంత ఉండేది. గొప్పలు మాత్రం గుమ్మడికాయంత.

"ఏ ముడి తప్పు?"

"నన్నా అడిగేది? 'కట్టు' అన్నాను, కట్టావు. నా పని అంతవరకే" అంది మెదడు.

"కట్టాక చూసుకోవా?"

"వెనక్కి తిరిగి చూడమని నాకెవరు చెప్పారు?"

"పోనీ, ఒక్కో ముడి మీద నీకు ఎంత నమ్మకం ఉండేది?"

"అన్నిటి మీదా నిండు నమ్మకమే!" అంది మెదడు, ఎంతో గర్వంగా.

గడ్డెన్న తల పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున మంచి ఈతాకు కోసం ఊరి అంచు దాకా వెళ్లాడు. అక్కడ వాకిట్లో ఓబులమ్మ మంచం అల్లుతోంది. ఓబులమ్మంటే ఆ చుట్టుపక్కల నులక మంచాలకు పెట్టింది పేరు. చేతులు నులకతాడు మీద, నోరు కోడలి మీద.

"పులుసులో అంత ఉప్పు ఎవురన్నా పోస్తారా మే? సముద్రంలో ఈతకొట్టినట్టుండాది నోరు..." అంటూ తిట్టిపోస్తోంది. చూపు కోడలి మీదే. చేతులు మాత్రం తాడును రెండు పేటలు పైకి, రెండు పేటలు కిందికి తోస్తూ పోతున్నాయి.

ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. తిట్టు కూడా సగంలో ఆగింది.

"ఉండు మే, యాడనో తప్పింది."

అప్పుడు వంగి చూసింది. నిజమే, ఒకచోట తాడు రెండు పేటల మీదుగా కాక మూడు పేటల మీదుగా పోయింది. "అయ్యో" అని, ఆ ఒక్క వరస విప్పి, సరిగ్గా తోసి, మళ్లీ పులుసు సంగతి ఎత్తుకుంది.

ఈతాకు సంగతే మరిచిపోయాడు గడ్డెన్న. ఎగిరొచ్చి మంచం పట్టె మీద వాలాడు.

"అవ్వా, అవ్వా! నువ్వు చూడనే లేదు. తప్పని నీకెవరు చెప్పారు?"

"ఎవురు జెప్పాల రా పిట్టా? లోపల చురుక్కుమంటాది. ముందు చెయ్యి నిలబడతాది, ఆనక కన్ను చూస్తాది, అప్పుడు నోరు 'అయ్యో' అంటాది."

"నాకు చురుక్కుమనదే అవ్వా! నా మెదడుకు అన్నీ నిండు నమ్మకమే. మూడు గుడ్లు బావిలో పోయినాయి." చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

ఓబులమ్మ తాడు పక్కన పెట్టింది. కోడలు కూడా పులుసు గొడవ మరిచి దగ్గరికి వచ్చింది.

"ఏడవాకు. నాకూ పుట్టుకతో రాలా. నేను అల్లిన మొదటి మంచం మా బావ పెండ్లికి. పీట మీద నుంచి లేచి వచ్చి, కొత్త పంచెతో దాని మీద కూర్చున్నాడు. కూర్చున్నోడు కూర్చున్నట్టే కిందికి పోయినాడు. మంచంలో నుంచి కాళ్లొకవైపు, తలకాయొకవైపు! పెండ్లివాళ్లంతా నవ్వుతా ఉంటే నాకు తల తీసేసినట్టయింది. ఆ పొద్దు నుంచి ఒక అలవాటు జేసుకున్నా. వరస తోసినాక దాన్ని వేలితో నొక్కేదానికి ముందే, 'ఇది గట్టిదా, సుమారా, వదులా' అని నాలో నేను చెప్పుకుంటా. ఆనక నొక్కుతా. గట్టి అనుకున్నది మెత్తగా దిగిందనుకో, చురుక్!"

"ముందే చెప్పాలా? నొక్కి చూస్తే చాలదా?"

"చాలదు. ముందు మాట ఇయ్యి. మాట తప్పితేనే రా సిగ్గు. నీ మెదడును కూడా మాట ఇమ్మను."

గడ్డెన్న రెక్కలు టపటపలాడించుకుంటూ తుమ్మచెట్టుకు వచ్చి పడ్డాడు. ఐదు ముడులు వేశాడు. మొదటి ముడిని కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడాడు.

"చెప్పవే మెదడూ. ఇది ఎంత?"

"నిండు."

గడ్డెన్న రెక్కలు గట్టిగా కొట్టి ఊగాడు. ముడి ఊడింది. వాడు బావిలో పడబోయి తమాయించుకున్నాడు.

"ఇది కాదులే, రెండోది చూడు. అది నిండు" అంది మెదడు. అదీ ఊడింది.

"మూడోది! మూడోది నిండుకే నిండు!" అదీ ఊడింది.

నాలుగో ముడి దగ్గర మెదడు నోరు మూసుకుంది. దానికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సిగ్గేసింది.

"ఇది... ముప్పావు అనుకో" అంది చిన్నగా. అది ఊడలేదు. ఐదోది "సగం" అంది. అది సగం జారి ఆగింది.

అట్లా నాలుగు రోజులు. ముడి వేయడం, మెదడు మాట ఇవ్వడం, తలకిందులుగా వేలాడి రెక్కలు కొట్టడం. పక్క కొమ్మ మీద కొర్రన్న పడీ పడీ నవ్వాడు.

"ఏం గడ్డెన్నా, గబ్బిలాల్లో కలిశావా? పాట మానేశావే?"

పాట ఎందుకు మానేశాడో తెలుసా? కొర్రన్న వైపు తిరిగి పాడుతూ వేసిన ముడులే ఎక్కువగా ఊడుతున్నాయని మెదడు కనిపెట్టింది. పాడుతున్నప్పుడు దానికి నమ్మకం నిండుగా ఉండేది, పట్టు మాత్రం పావు ఉండేది. తడి ఆకుతో వేసినవీ అంతే. ఆరగానే వదులైపోయేవి. ఇవన్నీ ఎప్పుడూ జరుగుతున్నవే. కనిపెట్టింది మాత్రం ఇప్పుడే.

ఆరో రోజు పొద్దున ఒక వింత జరిగింది. గడ్డెన్న పీలిక చుట్టి, ముక్కుతో లాగబోతుంటే ముక్కు ఆగిపోయింది. నెత్తి లోపల సూదితో తాకినట్టు చురుక్కుమంది. వంగి చూస్తే పీలిక కొమ్మకు కాదు, తన మీద తానే చుట్టుకుని ఉంది.

"ఎవరు ఆపింది?" అన్నాడు గడ్డెన్న.

"నేనే!" అంది మెదడు. "నాకే తెలిసిపోయింది!" ఇద్దరూ ఎగిరి గంతేశారు. గంతేసింది గడ్డెన్నేననుకోండి, మెదడు లోపల ఉంది కాబట్టి దానికీ గంతే.

అయితే కొత్తగా వచ్చిన విద్య కదా, మెదడుకు దాని మీద మోజు పెరిగింది. ఏడో రోజు పొద్దున్నుంచి ఒకటే గోల. ఈ ముడి చురుక్. ఆ ముడి చురుక్. నిన్న నిండు అన్నది ఇవాళ అనుమానం. గడ్డెన్న ఒక్కోటీ విప్పుకుంటూ పోయాడు. సాయంత్రానికి కొమ్మ మీద ఒక్క పీలిక లేదు. సగం రోజులు అయిపోయాయి. కొర్రన్నదీ మిగతా అందరివీ నిండు గూళ్లు వేలాడుతున్నాయి. గడ్డెన్నకు ఏమీ లేదు.

పొద్దు వాలకముందే ఓబులమ్మ దగ్గరికి పరుగు.

"అవ్వా, చురుక్కుమనడం వచ్చింది. ఇప్పుడు ఆగడం లేదు. అంతా విప్పేశాను."

ఓబులమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఓరి నీ మొగం మండా! మంచమంతా నేనెప్పుడన్నా విప్పినానా? తప్పిన వరస ఒక్కటే విప్పినా. నీ కండ్ల ముందరే గదా? లాగి చూసినాక నిలబడిందా, అది నిండే. దాని జోలికి మళ్లా పోవాకు. ఊడినా, జారినా, అది ఒక్కటీ తీసి కట్టు. ఇంగ పో, వాన వస్తాది!"

తిట్లు తిన్నాక గడ్డెన్నకు ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు మొదలుపెట్టాడు. ఆకు ఆరనిచ్చి చీల్చాడు. నోరు మూసుకుని కట్టాడు. మెదడు "నిండు" అంటే వేలాడి చూసి, నిలబడితే ముందుకు పోయాడు. "సగం" అంటే అదొక్కటే తీసి కట్టాడు. మూడు రోజులకు పైకప్పు వచ్చింది, పిట్ట వాలడానికి నడుమ అడ్డంగా ఒక వాలే కట్టు వచ్చింది. గుడ్ల గది లేదు, పొడుగు గొట్టం లేదు. చూడటానికి బోర్లించిన టోపీలా ఉంది.

పదకొండో రోజు పొద్దున గడ్డెన్న అక్కడితో ఆపాడు. కాలవ వైపు తిరిగి పిలిచాడు.

"సజ్జమ్మా! వచ్చి చూడు!"

చెట్టంతా గొల్లుమంది. "సగం గూటికి పెళ్లాన్ని పిలిచేవాణ్ణి ఎక్కడైనా చూశామా!" అని కొర్రన్న కడుపు పట్టుకుని నవ్వాడు. గడ్డెన్నకు సిగ్గేసింది. అయినా పిలుపు ఆపలేదు.

సజ్జమ్మ వచ్చింది. వాలే కట్టు మీద వాలింది. నవ్వలేదు.

"ఏ ముడి తప్పు?"

"ఎడమవైపు, పైనుంచి మూడోది. కొమ్మ గరుకు అక్కడ అరిగిపోయింది. ఎన్నిసార్లు తీసి కట్టినా పావు నమ్మకం కూడా లేదు. మిగతావన్నీ నిండు."

"తెలిసే చెప్తున్నావా, లేక ఊరికే అంటున్నావా?"

"నువ్వు లాగు. నేను ముందే చెప్పేశాను."

సజ్జమ్మ ఒక్కో ముడినీ ముక్కుతో పట్టి, కాళ్లు తన్నిపెట్టి లాగింది. మొదటిది రాలేదు. రెండోది రాలేదు. మూడోది వదిలేసి, నాలుగు, ఐదు, ఆరు, అన్నీ లాగింది. ఒక్కటీ కదల్లేదు. చివరికి మూడోదాన్ని పట్టుకుంది. మెల్లగా లాగితే చాలు, జర్రుమని వచ్చేసింది.

పీలిక ముక్కున పట్టుకుని అలాగే కూర్చుంది సజ్జమ్మ. కళ్లల్లో నీళ్లు నిండాయి.

"ఇదే కదయ్యా ఆ రోజు నేనడిగింది" అంది. "ఇక కట్టు. నేను ఉంటాను."

మూడో ముడిని ఇద్దరూ కలిసి ఒక చిన్న ముల్లు చుట్టూ కట్టారు. ఈసారి మెదడు "నిండు" అంది, వేలాడితే నిలబడింది. మిగతా గూడు కట్టడానికి మూడు రోజులు పట్టింది. లోపల రెండు ముద్దలు బావిగట్టు మట్టి కూడా మెత్తాడు, గాలికి మరీ ఊగకుండా. పద్నాలుగో రోజు పొద్దున సజ్జమ్మ గుడ్డు పెట్టింది. ఒకే ఒక్కటి.

పదిహేనో రోజు మధ్యాహ్నం గాలి వచ్చింది, మాట ఇచ్చినట్టే వానతో సహా. సజ్జకంకులు నేలకు వంగిపోయాయి. తుమ్మచెట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఊగింది. మొదట కొర్రన్న గూడు పోయింది. తర్వాత దాని పక్కది. బావిలో బుడుంగు, బుడుంగు. కొర్రన్న తడిసి ముద్దై "పాడు గాలి!" అని అరిచాడు.

గాలి గడ్డెన్న గూటిని రెండు చేతులా పట్టుకుంది.

"ఏమయ్యా, ఏ ముడి ఊడిందో నన్నడిగినవాడివి నువ్వే కదూ? ఇవాళ ఏది లాగమంటావు?"

గడ్డెన్న గూటి గుమ్మంలో నిలబడ్డాడు. సజ్జమ్మ లోపల గుడ్డు మీద రెక్కలు పరిచి కూర్చుంది. గడ్డెన్న ఒక్కసారి తన నెత్తి లోపలికి చెవి పెట్టాడు. ఎక్కడైనా చురుక్కుమంటుందా అని. ఎక్కడా లేదు.

"నీ ఇష్టమున్నది లాగు" అన్నాడు.

గాలి లాగింది. పొద్దు వాలేదాకా లాగింది. చివరికి దానికే ఆయాసం వచ్చి, వానను తీసుకుని కొండల వైపు వెళ్లిపోయింది. ఆ చెట్టుకు ఒక్క గూడు మిగిలింది.

వాన వెలిశాక కొర్రన్న వచ్చి వాలాడు. తల వంచుకుని, "గడ్డెన్నా, ఆ తలకిందులు వేలాడేది ఎట్లాగో నాకూ చూపించవా?" అన్నాడు. గడ్డెన్న నవ్వలేదు, చూపించాడు. కొర్రన్న మిగతావాళ్లకు చూపించాడు. వాళ్లు వాళ్ల పిల్లలకు.

అప్పటినుంచే గిజిగాడు గూటిని సగం కట్టి ఆపుతాడు. దాని కింద తలకిందులుగా వేలాడి రెక్కలు కొట్టుకుంటాడు. ఆడపిట్టను పిలుస్తాడు. ఆమె వచ్చి, లాగి చూసి, ఒప్పుకుంటేనే మిగతా సగం కడతాడు. మీరు బావి దగ్గర చెట్టుకు సగం సగం గూళ్లు వేలాడటం చూసి ఉంటారు. చేతగాక వదిలేశాడని అనుకున్నారేమో. కాదు. అవి, వాడు "ఇక్కడ తప్పింది" అని తనంతట తానే చెప్పి ఆపేసిన గూళ్లు. వాటిలో ఎవరూ గుడ్డు పెట్టలేదు, అందుకే వాటిలోంచి ఏ గుడ్డూ బావిలో పడలేదు.